ఇంటి పాటలో తుమ్మెదరొద



మా యత్తగారు పాడిన పాటల టేపులు మా యింట అయిదున్నవి. 1986వ సంవత్సరమున మా మామగారు వానిని స్వయముగా రికార్డు చేసిరి. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మేలుకొలుపులు. ఆమెకు దక్క మా యింట నిప్పుడు మఱెవ్వరికిని అవి రావు. కావున ఆ టేపులనిన మాకు నగలపెట్టెకంటె నెక్కువ.

రెండేండ్ల క్రిందట మా చిన్నవాడు టేపు యంత్రమును, టెలివిజనును ఒకే ఆంప్లిఫయరునకు కలిపి, రెండు పెద్ద స్పీకర్లు అమర్చెను. నాటినుండి పాట వెనుక గుయ్యిమని యొక రొద. మా యత్తగారు కొంతసేపు విని, “అమ్మాయీ, నా పాటలో తుమ్మెద దూరినదే!” అని నవ్విరి. నవ్విరే గాని మఱల వినుటకు కూర్చుండలేదు.

బాగుచేయ వచ్చిన మనిషి అయిదు నిమిషములలో ఆ రొద మాన్పెను. ఎట్లు మాన్పెనో మే మెవ్వరము నడుగలేదు. దసరాకు ఇల్లు దులుపునపుడు టెలివిజనును, దాని తీగెలను తీసి ప్రక్కకు పెట్టితిమి. ఆంప్లిఫయరు మాత్రము పాడుచునే యుండెను. మా యత్తగారు తడిగుడ్డతో దాని యినుప పెట్టెను తుడువబోయి చటుక్కున చేయి వెనుకకు తీసికొనిరి. చీమలు ప్రాకినట్లు జివ్వుమన్నదట. ప్లగ్గు విప్పి చూడగా పైనుండు లావుపాటి పుల్లకు తీగెయే లేదు. ఆ మహానుభావుడు దానిని కత్తిరించి లోపల మడిచిపెట్టి పోయెను!

మూడుపుల్లల ప్లగ్గులో రెండు పుల్లలు కరెంటు రాకపోకలకు, లావుపుల్ల ఎర్తునకు. లోపల తీగె యేదైన ఊడి యినుప పెట్టెకు తగిలినచో, ఆ కరెంటు ఎర్తుద్వారా భూమిలోనికి పోయి వెంటనే ఫ్యూజు కాలిపోవును. ఎర్తు లేనిచో అది పెట్టెపైననే పొంచియుండి, తాకిన వారి దేహమే దారిగా చేసికొనును. ఆనాడు మా యత్తగారికి తగిలినది లోపలి కెపాసిటర్లగుండ ఊరివచ్చు స్వల్పమైన కరెంటు మాత్రమే. తీగె యూడియున్నచో ఈ వ్యాసము వేఱువిధముగా నుండెడిది. అంతవఱకు మాకు తెలియకపోవుటకు కారణము, కేబులు తీగెపైనుండు లోహపు తొడుగు వేఱొకచోట భూమిని తాకియుండి, ఎర్తు పని చాటుగా చేయుచుండుటయే. కేబులు తీయగానే గుట్టు బయటపడినది.

మా తమ్ముడు విద్యుచ్ఛక్తి ఇంజనీరు. కబురంపగా వచ్చి మొట్టమొదట ఆ తీగెను మఱల బిగించెను. తుమ్మెదయు మఱల వచ్చెను. “రానిమ్ము అక్కయ్యా, దానిని వేఱుదారిని పట్టుదము,” అనెను.

అతడు చెప్పిన కారణమిది. ఒకే యంత్రమునకు రెండుచోట్ల భూమితో సంబంధమున్నపుడు ఆ రెండుచోట్లును సరిసమానముగా నుండవు. ఆ స్వల్పభేదమువలన పాటను తెచ్చు తీగెగుండ కొంచెము కరెంటు ప్రవహించును. మన యింటి కరెంటు సెకండునకు 50 మార్లు ఊగును. ఆ యూపును, దానికి రెట్టింపైన 100 మార్ల యూపును స్పీకరులో గుయ్యిమని వినబడును.

మా చిన్నవాడు ఎచ్చటనో చదివి, “ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు కొన్నచో సర్వము కుదురును మామయ్యా,” అనెను. పేరు పెద్దదిగాని వస్తువు పాతది. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లండనులో మైకేల్ ఫారడే యను శాస్త్రజ్ఞుడు మెత్తని యినుప కడియమునకు రెండువైపుల రాగితీగె చుట్టెను. ఒక చుట్టను బ్యాటరీకి కలిపినపుడును, విడదీసినపుడును రెండవ చుట్టకు తగిల్చిన యంత్రపు ముల్లు కదలెను. చుట్టలు రెండును ఒకదాని నొకటి తాకలేదు; నడుమ అయస్కాంతశక్తియే దూత. ఈ ట్రాన్స్‌ఫార్మరును అట్టిదే. ఇటు 230 వోల్టులు వచ్చును, అటు 230 వోల్టులే పోవును. వచ్చినంతయు పోవుచుండగా దీని ప్రయోజనమేమని నేనడిగితిని. “మడి కట్టుకొన్న బామ్మకు చెంబు చేతికీయక క్రింద పెట్టెదము గదా, అట్లే,” అనెను మా తమ్ముడు. చెంబు అందును, అంటు అందదు.

ఇచ్చట అంటనగా ఫేజు, న్యూట్రలు తీగెలు రెంటిపైనను ఒక్కటిగా కలిసివచ్చు చిటపటలు. చుట్టనుండి చుట్టకు దాటుట వానికి కష్టము. నడుమ రాగిరేకు తెర యుంచి దానిని ఎర్తునకు కలిపినచో మఱింత కష్టము. కొనువారు ఆ తెర యున్నదా యని అడిగి మఱి కొనవలెను. ఫేజునకును న్యూట్రలునకును నడుమనే పుట్టు రొదను మాత్రము ఇది అంతగా ఆపలేదు. “మాకు స్టెబిలైజరున్నది గదా” యని కొందఱందురు. ఇండ్లలోని స్టెబిలైజర్లు చాలవఱకు ఒకే చుట్టనుండి కొసలు తీసినవి. వానిలో మడి లేదు.

మా తుమ్మెద యిందులో ఏ జాతిది? తమ్ముడు టేపు తీసివేసి శబ్దము పెంచెను, రొద యున్నది. కావున అది టేపుది కాదు. కేబులు తీగెను పీకెను, రొద ఆగెను! ఎర్తు యథాప్రకారముగా నున్నంతవఱకు రెండు భూసంబంధముల రొదను ఈ పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మాన్పజాలదట. కేబులు దారిలో బొటనవ్రేలంత ఐసొలేటరు నొకదానిని పెట్టినంతనే మా పని తీరినది. మావాని ముఖము చిన్నబోయెను.

అయినను వాని కోరికయు పిదప కొంత తీరినది. మా ప్రక్క వడ్రంగి దుకాణములో యంత్రము తిరిగినపుడెల్ల స్పీకర్లలో చిటపటలు వచ్చుచుండెను. దానికై యీ సంవత్సరము తెరగల ట్రాన్స్‌ఫార్మరు కొంటిమి. చిటపటలు బాగుగా తగ్గినవి, పూర్తిగా పోలేదు. ఆంప్లిఫయరు వెనుక వ్రాసిన వాట్లకంటె ఒకటిన్నర రెట్లయినను శక్తిగలది తీసికొనవలెను. అది వేడెక్కును గనుక ఊపిరాడవలెను. కుట్టుపూల గుడ్డ కప్పవలదు. మనకు దేనికైనను గుడ్డ కప్పుట అలవాటు. టేపు యంత్రమునకు రెండు మూరల దూరమున నుంచవలెను. దగ్గఱనున్నచో దాని అయస్కాంతమే క్రొత్త తుమ్మెదను కనిపెట్టును.

ట్రాన్స్‌ఫార్మరున్నచో ఎర్తు అక్కఱలేదని చెప్పువారున్నారు. ఆ మాట వినవలదు. ఇంటి ముఖ్యపు పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు భూమిలోనికి తప్పిపోయినను ఠక్కున ఆపివేయు స్విచ్చి యున్నది చూడుడు. అది ట్రాన్స్‌ఫార్మరుకు ఆవల జరుగుదానిని కనిపెట్టలేదు. ఆవలి తీగెలు రెంటిని ఒకేసారి తాకినవారికి కొట్టుదెబ్బయు తగ్గదు. కావున ఆవలివైపు ఒక కొసను ఎర్తునకు కలిపి, అచ్చట వేఱొక స్విచ్చి నమర్పవలెను. ఇది లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేయవలసిన పని. పెరటిలో ఉప్పు, బొగ్గు వేసిన పాతపద్ధతి ఎర్తుగుంట యున్నవారు వేసవిలో దానిలో నీరు పోయుచుండవలెను. తులసికోటకు తీసికొనిపోవు చెంబులోనే మఱికొంత నీరు పట్టవచ్చును.

మొన్న శుక్రవారము మా యత్తగారు అప్పగింతల పాట మొదలునుండి తుదివఱకు వినిరి. టేపుకు సహజమైన ఉస్సుమను చప్పుడు మిగిలియున్నది. అది కరెంటుది కాదు గనుక ఏ పెట్టెయు దానిని మాన్పలేదు. నడుమ కిఱ్ఱుకిఱ్ఱుమని వినబడగా మా చిన్నవాడు లేచి ఆంప్లిఫయరు వెనుకకు పోయెను. “కూర్చుండరా, అది మన నూతి గిలక,” అనిరి మా యత్తగారు.

ఫ్యాను రెగ్యులేటర్లు చేయు రొదనుగూర్చి వచ్చునెల వ్రాసెదను.