గద్దె ముందుగా మింగేది సోపతినే

ఆశ లేని మనిషి ఉండడు. బొగ్గుబాయిలో తట్టా చెమ్మాస్ పట్టిన కార్మికుడికి బిడ్డ పెద్ద చదువు చదవాలని ఆశ. ఉద్యోగికి ప్రమోషన్ ఆశ, నిరుద్యోగికి నోటిఫికేషన్ ఆశ. వీటిని ఎవరు తప్పుపడతారు? పేచీ అంతా గద్దె మీది ఆశతోనే. అది ముందుగా మింగేది శత్రువును కాదు, పక్కన నిలబడి కొట్లాడిన సోపతిని. 1606 ప్రాంతంలో షేక్స్‌పియర్ రాసిన ‘మాక్‌బెత్’ విషాద నాటకం చెప్పేది ఇదే. విద్యార్థులు పరీక్ష కోసం చదివి మరిచిపోయే ఆ నాటకాన్ని, కొట్లాటలు తెలిసిన గోదావరిఖని లాంటి గడ్డ మీద ఉన్నవాళ్లు మరోసారి చదవాలి.

మాక్‌బెత్ పుట్టు దుర్మార్గుడు కాడు. స్కాట్లండ్ రాజు డంకన్ కోసం ప్రాణాలకు తెగించి యుద్ధం చేసిన సేనాని. గెలిచి, తోటి సేనాని బాంకోతో కలిసి తిరిగి వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురవుతారు. నువ్వు రాజువవుతావని మాక్‌బెత్‌కు చెబుతారు. నీ వారసులు రాజులవుతారని బాంకోకు చెబుతారు. జోస్యం ఇద్దరికీ అందింది. బాంకో దాన్ని అనుమానంగా చూశాడు. మాక్‌బెత్ కత్తి వెతుక్కున్నాడు. చంపమని మంత్రగత్తెలు ఎక్కడా చెప్పలేదు. భార్య ఉసిగొల్పింది, నిజమే. కానీ పొడిచిన చెయ్యి అతనిదే. చుట్టమై ఇంటికొచ్చిన రాజును, విందు పెట్టిన రాత్రే నిద్రలో చంపాడు.

గద్దె దొరికింది. మరి అక్కడితో ఆగిందా? మొదటి హత్య గద్దె ఎక్కడానికైతే, తర్వాతి హత్యలన్నీ దిగకుండా ఉండడానికి. రెండో వంతు బాంకోది. అతను చేసిన నేరమేమిటి? మంత్రగత్తెల మాట వినడం, జరిగిందేమిటో ఊహించగలగడం. గద్దె ఎక్కినవాడికి తన పాత ముఖం తెలిసిన మనిషే అందరికన్నా ప్రమాదంగా కనబడతాడు. బాంకోను చంపించిన రాత్రి విందులో అతని దయ్యం వచ్చి రాజు కుర్చీలోనే కూర్చుంటుంది. కుర్చీ కోసం సోపతిని చంపినవాడికి చివరికి ఆ కుర్చీలో కూడా చోటు లేదు! ఆ తర్వాత మాక్‌డఫ్ భార్యాపిల్లల వంతు. వాళ్లకు గద్దెతో సంబంధమే లేదు.

నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన కార్మికుడు పట్టపగలు రేకుల ఇంట్లో ఉక్కపోతలోనైనా కునుకు తీస్తాడు. ఆ రాజదంపతులకు కోటలో కూడా నిద్ర లేదు. ఆమె నిద్రలో నడుస్తూ, లేని నెత్తుటి మరకను చేతుల మీంచి కడుక్కుంటూ కడుక్కుంటూ పోయింది. అతను మాక్‌డఫ్ కత్తికి బలయ్యాడు.

ఇదంతా ఎక్కడో చలిదేశపు కట్టుకథ అనుకుందామా? చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా ఏలాడు. అసలు డంకన్ చచ్చింది యుద్ధంలో, నిద్రలో కాదు. నాటకం చరిత్ర కాదు. కానీ గోల్కొండలో జరిగింది చరిత్రే. షేక్స్‌పియర్ పుట్టడానికి 21 ఏండ్ల ముందు, 1543లో, కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ముసలితనంలో హత్యకు గురయ్యాడు. దాని వెనుక ఉన్నది కన్నకొడుకు జంషీద్. అన్న కుతుబుద్దీన్ కండ్లు తీయించాడు. తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో తలదాచుకున్నాడు. ఇంత చేసి జంషీద్ ఏలింది ఎన్నేండ్లు? ఏడేండ్లు. 1550లో రోగంతో పోయాడు. ఆ ఏడే ఇబ్రహీం తిరిగొచ్చి గద్దె ఎక్కాడు. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని మెచ్చుకున్నది ఆ పారిపోయిన తమ్ముడినే.

ఇప్పటి కాలానికి కత్తి అవసరం లేదు. ఒక తీర్మానం, ఒక సంతకం చాలు. 1969లో విద్యార్థులు చదువులు పణంగా పెట్టారు, ఉద్యోగులు జీతాలు పణంగా పెట్టారు, పిల్లలు తూటాలకు నేలకొరిగారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో జనం తెలంగాణ ప్రజాసమితికి 14 సీట్లలో 10 ఇచ్చారు. అదే ఏడు పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రి మారి తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు వచ్చారు, కలిసినందుకు అదొక సమర్థన. ప్రజాసమితికి నాయకత్వం వహించిన మర్రి చెన్నారెడ్డి 1978లో అదే ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఎవరి మనసులో ఏముందో తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ పోయిందేమిటో చూడాలి. పోయింది పది సీట్లు కాదు, నమ్మకం. నాయకుడంటే అమ్ముడుపోయేవాడే అన్న అనుమానం అప్పుడు ఊరూరా నాటుకుంది. దాన్ని పెరకడానికి ఒక తరం పట్టింది.

2011 సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మెకు సింగరేణి కార్మికుడు బాయి దిగకుండా నిలబడ్డప్పుడు పక్కవాడిది ఏ సంఘమని అడగలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. రాష్ట్రంతో పాటే గద్దెలూ వచ్చాయి, చిన్నవీ పెద్దవీ. ఒకే టెంట్ కింద కూర్చున్నవాళ్లు ఎదురుపడితే ముఖం తిప్పుకునే రోజులూ వచ్చాయి. ఇది ఒక పార్టీ కథ కాదు, ఒక సంఘం కథ కాదు.

బాయి దిగినవాడికి సోపతి విలువ చెప్పనక్కర్లేదు. కప్పు పగిలిందని, పక్కకు జరగమని కేకేసేది పక్కనున్నవాడే. ఆ కేక వేసేవాడిని తరిమేసుకున్నవాడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా పగిలిన కప్పు కిందే ఉన్నట్టు. చివర్లో మాక్‌బెత్ పరిస్థితి అదే. నిజం చెప్పే బాంకో లేడు. అడవి కదిలి కొండెక్కితే తప్ప నీకు ఓటమి లేదన్న మంత్రగత్తెల తీపి మాట ఒక్కటే మిగిలింది. శత్రు సైనికులు కొమ్మలు నరికి అడ్డం పట్టుకుని నడిస్తే అడవి కదిలి రానే వచ్చింది. మన మంత్రగత్తెలు ఫ్లెక్సీల మీద ఉంటారు, అంతే తేడా.

కాబట్టి విద్యార్థి సంఘమైనా, ఉద్యోగ సంఘమైనా, గుర్తింపు సంఘం ఎన్నికలైనా, అసెంబ్లీ అయినా, ఓటు అడగవచ్చిన నాయకుడి హామీల పట్టిక చదివే ముందు ఒక ప్రశ్న వేయాలి. అన్నా, నీతో కలిసి కొట్లాడినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నరు? వాళ్లు అతని పక్కనే ఉండి, అతని తప్పును అతని ముఖం మీదే చెప్పగలిగితే ఆ ఆశ మంచిదే, గెలిపిద్దాం. జవాబు రాకపోతే, తర్వాతి వంతు ఎవరిదో అర్థం చేసుకోవాలి. అది మనదే.