నది లేని ఊరికి నదుల ఊసెందుకు?

రావల్కోల్: మన దేశంలోని ముఖ్యమైన నదులేవి అని అడిగితే అయిదో తరగతి పిల్లవాడు గంగ, యమున, బ్రహ్మపుత్ర, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మన ఊరి చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు వీటిలో ఏ నదికి పోతాయి అని అడిగితే మాత్రం పిల్లవాడే కాదు, పాఠం చెప్పిన పంతులు కూడా కాసేపు ఆలోచించవలసి వస్తుంది. రావల్కోల్‌కు నది లేదు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళు వేటికీ నది లేదు. ఉన్నవి చెరువులు, కుంటలు, వానకాలంలో నాలుగు రోజులు పారి ఇసుక చూపించే వాగులు. అందుకే నదుల మాట వస్తే ఇక్కడి వారికి అది ఎవరిదో దూరపు సంగతిగా తోస్తుంది.

నిజానికి ఈ మెరక ప్రాంతం రెండు మహానదుల మధ్య కట్టిన గట్టు వంటిది. ఉత్తరాన తూప్రాన్ దిక్కుకు వాలిన నీరు హల్దీ వాగులో పడుతుంది. హల్దీ వాగు మంజీరలో, మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తాయి. దక్షిణానికి వాలిన నీరు మూసీ పాలై, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో చేరుతుంది. ఒకే మబ్బు కురిసిన వాన గట్టుకు ఇవతల పడితే గోదావరి, అవతల పడితే కృష్ణ. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరికైనా, మహాబలేశ్వరంలో పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచే కృష్ణకైనా నీరు పుట్టినచోటి నుంచే రాదు. ఇటువంటి వేలాది ఊళ్ళ కుంటలు, వాగులు పోసిన నీటితోనే అవి మహానదులైనవి.

నదుల మీద భక్తికి ఇక్కడ కొదువ లేదు. 2015లో గోదావరి పుష్కరాలకు, 2016లో కృష్ణా పుష్కరాలకు బస్సులు, జీపులు ఎక్కి పోయి మునిగి వచ్చిన వారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పెద్దల అస్థికలు కలపడానికి బాసరకో ధర్మపురికో పోతారు. స్నానం చేసేటప్పుడు చదివే శ్లోకంలో ఏడు నదుల పేర్లుంటాయి. (అందులో గోదావరి ఉన్నది గాని, ఎందుకో కృష్ణ పేరు లేదు.) బోరు వేస్తే నీళ్ళు పడ్డాయనరు, గంగ పడిందంటారు. బతుకమ్మను సాగనంపేది ఊరి చెరువులోనే. ఇంత మర్యాద తెలిసిన జనం తమ కుంటకు నీరు తెచ్చే కాలువ మీద మట్టి లారీ దిమ్మరించినప్పుడు మాత్రం అటు చూడకుండా పోతున్నారు.

ఈ నిర్లక్ష్యం ఎక్కడికి తీసుకుపోతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు, పక్కనున్న పట్నాన్ని చూస్తే చాలు. హైదరాబాదు మూసీ ఒడ్డున పుట్టిన ఊరు. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీయే ఉప్పొంగి వేలాది ప్రాణాలు తీసింది. దాని తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరదా ఆగింది, తాగడానికి నీరూ దొరికింది. తర్వాత పట్నం పెరిగింది. చెరువులు పూడ్చి కాలనీలు వేశారు. మురుగంతా మూసీలోకి వదిలారు. దగ్గరి నది పనికిరాకుండా పోయేసరికి దూరపు నదులు కావలసి వచ్చాయి. 1965 నుంచి మంజీర నీరు, 2004 నుంచి నాగార్జునసాగర్ వెనుక జలాల కృష్ణ నీరు, 2015 చివరి నుంచి ఎల్లంపల్లి గోదావరి నీరు. ఒకప్పుడు గుమ్మం ముందు పారిన నీటి కోసం ఇప్పుడు సుమారు 186 కిలోమీటర్ల గొట్టం వేసుకున్నారు. 2025 సెప్టెంబరులో రెండవ దశకు శంకుస్థాపన జరిగింది. దాని ప్రకారం మల్లన్న సాగర్ నుంచి మరో 20 టీ.ఎం.సీ.లు తెస్తారు. అందులో కొంత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ల ద్వారా మూసీకి వదులుతారట. చంపిన నదికి ప్రాణం పోయడానికి మరో నదిని ఎత్తుకు రావలసి వచ్చిందన్నమాట.

పట్నానికి పోయే ఆ గోదావరి మజిలీ చేసేది ఎక్కడో కాదు, మేడ్చల్ దగ్గరి ఘనపూర్ గుట్ట మీదనే. ఎల్లంపల్లి నుంచి మూడు మీటర్ల వ్యాసం గల గొట్టంలో వచ్చిన నీరు ఇక్కడి రిజర్వాయరులో నిండి, ఇక్కడి నుంచి పట్నంలోకి దిగుతుంది. అంటే నది లేని ఈ ప్రాంతం భూమి కింది నుంచి ఒక నది పోతున్నది. చూడటానికి రేవు లేదు, మునగడానికి మెట్లు లేవు, పశువు మూతి పెట్టడానికి ఒడ్డు లేదు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైన తర్వాత నదుల నీరు పల్లెల నల్లాలకు కూడా వచ్చే దారి ఏర్పడింది. బిందెలతో బోరింగుల దగ్గర కాచుకున్న ఆడవారి కష్టం ఎరిగిన వారెవరూ దాన్ని చిన్న మేలు అనరు.

అయితే ఈ మేలు మరో ఆలోచనకు తావిచ్చింది. నల్లాలో గోదావరి వస్తుంటే ఇంక కుంటతో పనేమిటి అనే మాట రచ్చబండల దగ్గర వినిపిస్తున్నది. భూమి బేరాలు చేసే వారు ఈ మాటను మరింత ఇష్టంగా అంటున్నారు. ఈ లెక్క తప్పు.

గోదావరి తనంతట తాను ఇక్కడికి రాదు. ఎల్లంపల్లి జలాశయం నిండినా నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లే. మేడ్చల్ పరిసరాలు 550 మీటర్లకు పైన ఉన్నవి. వెయ్యి లీటర్ల నీటిని 400 మీటర్లు ఎత్తడానికి, పంపుల్లోనూ గొట్టాల్లోనూ అయ్యే నష్టం వదిలేసినా, ఒక యూనిట్‌కు పైగా కరెంటు కావాలి. ఇక వాన సంగతి చూడండి. ఏడాదికి 75 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం నేల మీద 30 లక్షల లీటర్ల నీరు పడినట్లు. అంత నీటిని ఎల్లంపల్లి నుంచి ఎత్తి తేవాలంటే మూడు వేల యూనిట్ల పైమాటే. దానిని సూర్యుడు పైసా తీసుకోకుండా ఎత్తి తెచ్చి ఊరి నెత్తిన పోస్తున్నాడు. అందులో సగానికి పైగా ఆవిరైపోనీ, కొంత పారిపోనీ, కుంటలో ఆగి భూమిలోకి దిగేది కొంతైనా ఊరిదే కదా. ఇంటి ముందు పడిన రూపాయిని తొక్కేసి, ఎల్లంపల్లిలో అప్పు తెచ్చుకున్నట్లుంది ఈ వ్యవహారం.

అంతే కాదు. నల్లాలో వచ్చేది తాగే నీరు. దానితో మడి పారదు, బర్రెల మంద దప్పి తీరదు, బోరులో గంగ పైకి రాదు. ఈ సంగతి మేడ్చల్, శామీర్‌పేట రైతుకు మరొకరు చెప్పనక్కరలేదు. ఒకనాడు హైదరాబాదు చుట్టుపక్కల ఈ నేలలు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపొందినవి. పందిళ్ళ కింద బుట్టలు నింపి లారీలకెత్తిన రోజులు చూసిన వారు ఇంకా ఉన్నారు. మోట బావి పోయి కరెంటు మోటారు వచ్చింది. బావి ఎండి బోరు వచ్చింది. ఒక బోరు ఎండితే దాని పక్కన మరింత లోతుకు ఇంకొకటి. పైనుంచి తోడటమే గాని కిందికి పంపడం మరిచిన చోట ద్రాక్ష పందిళ్ళు నిలవలేదు. పందిళ్ళు పోయినచోట హద్దురాళ్ళు లేచినవి. అమ్ముకున్న రైతును తప్పుపట్టడానికి లేదు. అప్పులున్న వానికి, ఆడపిల్ల పెండ్లి ఉన్న వానికి ఎకరం ధర కోట్లు పలుకుతుంటే భూమి పట్టుకొని కూర్చోమనడం ఎవరికైనా సులభమే, ఆ బరువు మోసేది వాడు. కాని పట్టా భూమి వేరు, చెరువు శిఖం వేరు, కట్టు కాలువ వేరు. అవి ఏ ఒక్కరి సొత్తూ కావు.

చెరువులకు చేటు కట్ట దగ్గర మొదలు కాదు. కట్ట అందరికీ కనబడుతుంది, దాని మీద చేయి వేస్తే ఊరు అడుగుతుంది. పోయేది ముందుగా కట్టు కాలువ. రెండు గజాల వెడల్పు కాలువ, ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది, పిచ్చి తుమ్మ మొలిచి ఉంటుంది. ప్లాట్ల నక్షాలో దాని మీదుగా రోడ్డు గీస్తారు. ఒక వానకాలం పోయేసరికి పైకుంట నుంచి కింది చెరువుకు దారి మూసుకుపోతుంది. మూడేండ్లు నీరు రాకపోతే ఇది చెరువే కాదు పొమ్మంటారు. ఒక మంచి వాన పడినప్పుడు ఆ నీరు దారి వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తుంది. పట్నంలో ఇది ఏటేటా చూస్తున్నదే.

నిబంధనలు లేక కాదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న కుంట నుంచి 9 మీటర్ల లోపల కట్టడాలు ఉండరాదని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నవి. చిన్న కాలువకైనా 2 మీటర్లు వదలాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రం మొత్తం మీద 46 వేలకు పైగా చెరువులను లెక్కకు తెచ్చి పూడిక తీయించే పని పెట్టుకున్నారు. కాని పూడిక తీసినంత శ్రద్ధ కాలువల హద్దుల మీద పెట్టలేదు. 2024లో హైడ్రా ఏర్పడినప్పుడు దాని పరిధి ఔటర్ రింగు రోడ్డు వరకే అన్నారు. రింగు రోడ్డు దాటి మేడ్చల్ అవతల ఉన్న రావల్కోల్ వంటి ఊళ్ళకు పట్నం మాత్రం అంతకు ముందే చేరింది. ప్లాట్లు వచ్చినంత వేగంగా కాపలా రాలేదు.

2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీటిని హల్దీ వాగులోకి వదిలినప్పుడు వాగు ఒడ్డు జనం పసుపు కుంకుమలతో ఎదురేగినారు. చాలా సంతోషమే. ఆ వాగు నీరు కూడా మునుపు గోదావరికే పోయేది. కూతురిని చూడటానికి తల్లి అయిదు వందల మీటర్ల కొండ ఎక్కి వచ్చినట్లయింది. ఆ తల్లి ప్రతి ఏడూ ఎక్కగలదని చెప్పలేము. ఆ నీరెత్తిన కాళేశ్వరం ఎత్తిపోతలలోని మేడిగడ్డ బరాజు 2023 అక్టోబరులో కుంగిన సంగతి అందరికీ తెలిసినదే.

ఇప్పుడు జరగవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రెవెన్యూ, నీటిపారుదల శాఖల వారు కలిసి వచ్చి రావల్కోల్, చుట్టుపక్కల ఊళ్ళలోని ప్రతి కుంటకు, ప్రతి కట్టు కాలువకు పాత గ్రామ నక్షా ప్రకారం కొలత వేసి రాళ్ళు పాతాలి. ఆ కొలతల కాగితం ఊరివారు చదువుకునేలా గోడకు అంటించాలి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు కాలువ ఎటు పోతుందో అధికారి నడిచి చూడాలి. నక్షాలో గీత చెరిగిపోయిన చోట అడగడానికి ఊళ్ళో ఇంకా మనుషులున్నారు. పూర్వం తూము ఎత్తి దించిన నీరడి కుటుంబాల ముసలివారికి ఏ కుంట నిండితే నీరు ఎటు దూకేదో, ఏ గట్టు కింద కాలువ మలుపు తిరిగేదో తెలుసు. వారిలో చాలామంది ఎనభై దాటిన వారు. సర్వేకు వచ్చేవారు వచ్చే వానకాలానికి ముందే వస్తే, వారే స్వయంగా నడిచి చూపించగలరు.