డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలు: ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు నుంచి



అమెరికాలోని మన ఇళ్లలో పిల్లలు పదకొండో తరగతికి వచ్చేసరికి చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మెడిసినా, కంప్యూటర్సా? ఈ మధ్య మూడో మాట కూడా వినిపిస్తోంది, డిజిటల్ మార్కెటింగ్ అని. అది వినగానే పెద్దవాళ్లకు వచ్చే సందేహం నాకు తెలుసు. "ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టడానికి ఇంత ఫీజు కట్టి చదవాలా?" అని నన్నే అడిగిన మిత్రులున్నారు. ఈ రంగంలో కొత్తవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను కనుక, బల్లకు ఇవతలి వైపు నుంచి నాకు కనిపించేది ఈసారి చెబుతాను.

వెనకటికి మన ఊళ్లలో దండోరా వేయించేవారు. డప్పు చప్పుడు ఊరంతా వినపడేది గానీ, విన్నవాళ్లలో ఎంతమంది సంతకు వచ్చారో వేయించినవాడికి తెలిసేది కాదు. ఇంటర్నెట్ ప్రకటనలతో ఆ లెక్క చేతికొచ్చింది. గూగుల్ యాడ్‌వర్డ్స్ 2000లో మొదలైంది. 2002లో, నొక్కితేనే డబ్బు కట్టే వేలం పద్ధతి దానిలో వచ్చింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్‌గా మారింది. ఈ వేలంలో ఎక్కువ పాడినవాడే గెలుస్తాడని లేదు. వెతికేవాడికి పనికొచ్చే ప్రకటనైతే తక్కువ ధరకే పైన కనిపించవచ్చు. కాబట్టి ఈ పనికి మాటకారితనం ఒక్కటే చాలదు, లెక్క కూడా రావాలి.

నేను ఇంటర్వ్యూలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆత్రేయపురం పూతరేకులు ఇంటర్నెట్‌లో అమ్మే దుకాణం ఒకటి ఉందనుకోండి. ప్రకటనలకు 1,000 డాలర్లు పెట్టారు. ఒక్కో క్లిక్‌కు 2 డాలర్లు చొప్పున 500 మంది వచ్చారు. వారిలో 2 శాతం, అంటే 10 మంది కొన్నారు. ప్రకటన ఖర్చు తీయకముందు ఒక్కో ఆర్డరు మీద 40 డాలర్లు మిగిలింది. మీరైతే ఏం చేస్తారు?

"600 డాలర్లు నష్టం, ఆపేస్తాను" అంటారు కొందరు. "ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెడదాం" అంటారు ఇంకొందరు. నేను ఉద్యోగం ఇచ్చేవాళ్లు మాత్రం ముందు నన్నే ఎదురు ప్రశ్న వేస్తారు: "ఆ 500 మంది ఏమని టైపు చేసి వచ్చారు?" వారిలో సగం మంది "పూతరేకులు ఎలా చేయాలి" అని వెతికినవాళ్లయితే, వాళ్లకు కావలసింది తయారీ విధానం, డబ్బా కాదు. అలాంటి మాటలకు ప్రకటన కనిపించకుండా చేస్తే దండగ ఖర్చు తగ్గుతుంది. ఆ తర్వాత, "కొన్న పది మందిలో దసరాకు, దీపావళికి మళ్లీ కొనేదెవరు?" అని అడుగుతారు. ఒక్కో కొనుగోలుదారుకు 100 డాలర్లు ఖర్చయింది కనుక, ఆ మనిషి మూడోసారి కొంటే గానీ లాభం కనిపించదు. ప్రకటన వాక్యాలు ఇప్పుడు కృత్రిమ మేధ కూడా రాసిపెడుతోంది. ఈ ప్రశ్నలు అడగగలిగినవాళ్లకే విలువ పెరిగింది.

ఇక రెజ్యూమెల సంగతి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు కుర్రవాడి రెజ్యూమెలో, 2018లో గూగుల్ అనలిటిక్స్ 4 మీద పనిచేసినట్టు ఉంది. అది విడుదలైందే 2020 అక్టోబరులో. అడిగితే తల దించుకున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు అలా రాసి పంపారట. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. అతనికి అప్పటికే 70 దాటాయి. మాటల్లో తేలిందేమిటంటే, విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థుల ఉగాది వేడుకకు ప్రచారమంతా తనే చూశాడు. ఏ ఈమెయిలుకు ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో నోటి లెక్కగా చెప్పాడు. ఆ ముక్క రెజ్యూమెలో లేనే లేదు! అబద్ధం ఉన్న దరఖాస్తును మా నియమాల ప్రకారం నేను ముందుకు పంపలేను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే మనసంతా భారంగా ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేసిన చిన్న పనినే అంకెలతో సహా రాయండి. అబద్ధపు అనుభవం ఉద్యోగంతో పోదు, వీసాకూ ముప్పు తెస్తుంది.

వీసా విషయంలో తల్లిదండ్రులు ముందే చూసుకోవలసినది మరొకటుంది. ఓపీటీ 12 నెలలు. స్టెమ్ జాబితాలోని చదువైతే మరో 24 నెలలు పొడిగింపు అడగవచ్చు. మార్కెటింగ్ డిగ్రీల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. బిజినెస్ అనలిటిక్స్ 2022 జనవరిలో ఆ జాబితాలో చేరింది. కనుక చేరకముందే ఆ కోర్సు ఏ కోడ్ కిందికి వస్తుందో కాలేజీవారిని అడగండి. జీతాల మాటా దాచను. కార్మిక శాఖ 2023 మే లెక్కల్లో మార్కెట్ పరిశోధన, మార్కెటింగ్ నిపుణుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 75 వేల డాలర్లు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లది సుమారు 1,32,000. తేడా పెద్దదే. ఇష్టం ఉన్నవాళ్లే రావాలి, సులువనుకుని రాకూడదు.

అనుభవం ఎక్కడ దొరుకుతుందంటారా? మన సంఘంలోనే! అర్హత గల లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ నెలకు 10,000 డాలర్ల వరకు విలువైన సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. ఆ ఖాతా నిలవాలంటే ప్రకటన చూసినవారిలో కనీసం 5 శాతం మంది నొక్కాలి. ఆ బాధ్యత కాలేజీ పిల్లలకు అప్పగించి, పక్కన ఒక పెద్దవారు ఉంటే చాలు. గూగుల్ స్కిల్‌షాప్‌లో పాఠాలు, పరీక్షలు కూడా ఉచితమే.

చిన్నారులూ, మీకో లెక్క. పై దుకాణంలో పనికిరాని 250 క్లిక్కులు రాకుండా ఆపి, అదే 1,000 డాలర్లను నిజంగా కొనాలనుకునేవారికే ఖర్చు పెడితే, 500 మందిలో 20 మంది కొంటారనుకోండి. లాభమా, నష్టమా? ఎంత? అమ్మానాన్నల కన్నా ముందు మీరు చెప్పాలి. జవాబు ఎలా వచ్చిందో తెలుగులో రాసి పత్రికకు పంపండి. మీ లెక్కల కోసం ఎదురుచూస్తుంటాను.