ఇంజన్ పట్టేసిన రోజు



వార్షికోత్సవ సంచికలో స్కూటర్ గురించి వ్యాసమేమిటని నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

మూడేళ్ల కిందట మేమిద్దరం, ఈ హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెలవాళ్లం, పి.జి. ఎంట్రెన్స్ రాయడానికి నార్కట్‌పల్లి నుంచి నల్గొండకు బయలుదేరాం. బండి మాలో ఒకరి మామయ్యది. పాత రెండు స్ట్రోకుల గేర్ల స్కూటర్. బంకులో రెండు లీటర్ల పెట్రోల్ పోయించాం. సగం దారిలో ఇంజన్ గొంతు మారింది, లాగడం తగ్గింది. ఆలస్యమవుతోందని మేం యాక్సిలరేటర్ ఇంకా తిప్పాం. ఒక్కసారిగా వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారింది. వెనక వస్తున్న ఇసుక లారీ డ్రైవర్ పక్కకు తిప్పబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాం.

కిక్ కొడితే రాడ్డు దిగలేదు. మీద నిలబడి తొక్కాం. పెద్దవాళ్లు చేయగా చూశాం కాబట్టి బండిని పక్కకు వంచాం. ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోల్ కార్బురేటర్‌కు అందడానికి అలా వంచుతారని, పట్టేసిన ఇంజన్‌కు దానితో పనిలేదని అప్పుడు తెలియదు. చివరికి నెట్టుకుంటూ రోడ్డు పక్క షెడ్డుకు చేరాం.

"తమ్మీ, పెట్రోల్‌ల ఆయిల్ కలిపిండ్రా?" అన్నాడు మెకానిక్ అన్న. మేం మొహాలు చూసుకున్నాం.

ఆ బండ్లలో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోల్‌తోనే. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపాలి. రెండు లీటర్లకు 40, మన మెస్ టీ గ్లాసులో సగం కూడా కాదు. ఒకప్పుడు బంకుల్లో ఆ నూనె పోసే చిన్న పంపు పక్కనే ఉండేది. నూనె లేకపోతే అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బి పోతఇనుము సిలిండర్‌ను కరుచుకుంటుంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందని మేం ఇంటర్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే! ఆ పాఠం మా కాళ్ల మధ్యే జరుగుతుంటే గుర్తుపట్టలేదు.

అన్న చెప్పినవి తమ్ముళ్ల కోసం రాస్తున్నాం. గొంతు మారగానే యాక్సిలరేటర్ వదిలేయాలి. చక్రం బిగుసుకుంటే మరుక్షణం ఎడమచేతి క్లచ్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఇంజన్‌తో సంబంధం తెగి చక్రం తిరుగుతుంది. బ్రేకు గట్టిగా కొట్టకుండా ఎడమ అంచుకు రావాలి. వెనక కూర్చున్నవాడు చెయ్యెత్తి చూపాలి. ఇంజన్ చల్లారేదాకా కిక్ జోలికి పోవద్దు. మేం తొక్కిన తొక్కుడుకు గీతలు ఇంకా లోతుగా పడ్డాయట. బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేయాల్సి వచ్చింది. మామయ్య ఏమీ అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

ఇప్పటి గేర్లు లేని స్కూటర్లలో ఇంజన్ ఆగితే లోపలి క్లచ్ దానంతటదే విడిపోతుంది, బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. నాలుగు స్ట్రోకుల బండికి ఆయిల్ విడిగా ఉంటుంది. పెట్రోల్‌లో కలపకూడదు, కొలత మాత్రం చూస్తుండాలి.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ అన్న కూడా మన హాస్టల్ వాడే. పదో తరగతి తప్పి వెళ్లిపోయాడు. తన బండి తాళం మా చేతిలో పెట్టి, "ముందు పరీక్ష రాసి రాండ్రి" అన్నాడు. రాశాం, సీట్లు వచ్చాయి. మన వార్షికోత్సవాలకు ఉద్యోగాలు వచ్చిన పూర్వ విద్యార్థులను పిలిచి శాలువా కప్పుతాం. ఆయనకు ఇంతవరకు ఒక్క ఆహ్వానపత్రికా పోలేదు.

ఆయనను పిలిచి ఒక పూట పిల్లలకు ఇంజన్ చూపించాలని మేమంటే, "మళ్లీ మనల్ని చేతిపనికే పంపుతారా?" అని సీనియర్లు కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. మన పిల్లలకు డిగ్రీలెందుకు, ఏదైనా పని నేర్పితే చాలదా అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాదే, దాన్ని మేం వదులుకోం. మా చేతులకు మసి అంటకూడదని అమ్మానాన్నలు కోరుకున్నారు. మసి అంటినవాళ్లను మరచిపొమ్మని వాళ్లు చెప్పలేదు. అది మనమే నేర్చుకున్నాం. మేమడుగుతున్నది చదువు బదులు కాదు, చదువుతో పాటు ఒక్క పూట.

అన్నను కలిసి అడిగాం. ఆదివారం గిరాకీ ఎక్కువట, మంగళవారం సాయంత్రమైతే పాత ఇంజన్ ఒకటి విప్పి తెస్తానన్నాడు. ఆ రోజు స్టడీ అవర్ సడలించవలసిందిగా వార్డెన్ గారిని ఈ పేజీ ద్వారానే కోరుతున్నాం.