ఆన్సరొచ్చింది సరే, లెక్కొచ్చిందా?

మొన్న సంక్రాంతికి గిద్దలూరు పోయినప్పుడు, పదో తరగతి చదివే మా మేనల్లుడి నోట్‌బుక్కు తిరగేశాను. ఎక్స్(ఎక్స్ − 3) = 5(ఎక్స్ − 3). కింద జవాబు: 3, 5. కరెక్టే. మధ్యలో ఒక్క లైను లేదు.

"ఎట్టొచ్చిందిరా?" అన్నా.

"ఆప్షన్లు ఒక్కొక్కటే పెట్టి చూస్తే సరిపోద్ది మామా. కోచింగులో అట్లే చెప్పారు."

ఆప్షన్లు లేకుండా చెయ్యమన్నా. రెండు పక్కలా ఉన్న (ఎక్స్ − 3)ని టకటకా కొట్టేసి 5 అన్నాడు. మరి 3 ఏమైందిరా అంటే నా మొహం చూశాడు.

కిటుకంతా అక్కడే ఉంది. (ఎక్స్ − 3) సున్నా కావచ్చు, సున్నాతో భాగించకూడదు. అన్నిటినీ ఒక పక్కకి తెచ్చి (ఎక్స్ − 3)(ఎక్స్ − 5) = 0 అని రాస్తే రెండూ దొరుకుతాయి. మన కోడులో సున్నాతో భాగిస్తే చాలాసార్లు ప్రోగ్రాం కూలిపోయి అరిచి చెప్తుంది. కాయితం మీది లెక్క అరవదండీ, గుట్టుగా ఒక జవాబుని మింగేస్తుంది.

"స్టెప్పులు కూడా ఫోనే ఇస్తుందిగా" అని మా టీములో ఒకాయన వాదన. ఇస్తుంది. ఫోటోమ్యాథ్ 2014లోనే వచ్చింది, ఇప్పుడు ఏఐ ఇంకా వివరంగా చెప్తోంది. వద్దనను. కానీ చూసి దింపిన స్టెప్పుకీ, అర్థం కాకుండా కాపీ కొట్టిన కోడుకీ తేడా ఏంటి?

మా రోజుల్లో అంతా బంగారం అని కూడా అనను. బయటి బిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖలు సమానం అన్న సిద్ధాంతాన్ని మేం గైడు చూసి బట్టీ పట్టినవాళ్ళమే. సారు బొమ్మలో అక్షరాలు మార్చేసరికి క్లాసంతా గుడ్లు తేలేశాం. నిజానికి అక్షరాలతో పనే లేదు. కేంద్రం నుంచి రెండు స్పర్శబిందువులకీ వ్యాసార్థాలు గీస్తే అవి సమానం. కేంద్రాన్ని బయటి బిందువుతో కలిపితే రెండు త్రిభుజాలకీ అదే కర్ణం. స్పర్శరేఖకి వ్యాసార్థం లంబం. ఇంకేం, రెండు త్రిభుజాలూ సర్వసమానం. ప్రతి లైను పక్కనా "ఎందుకు" ఉంది చూశారా? అది లేకపోతే స్టెప్పులు రాసినా దండగే.

దేశమంతా పలకలు పంపిన మార్కాపురం మాది. తప్పు రాయి, తుడువు, మళ్ళీ రాయి. పలక నేర్పింది అదే. ఇప్పుడు పిల్లలకి తప్పు చేసే టైమే ఇవ్వట్లేదు మనం. నిమిషానికో బిట్టు!

వెలిగొండ నీళ్ళ కోసం దశాబ్దాలు ఎదురుచూసిన పడమటి ప్రకాశంలో చాలామందికి చదువొక్కటే బయటికి దారి. అట్లాంటి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్ని నేను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఆన్సరు గబుక్కున చెప్తారు. "అట్లా ఎందుకు చేశావ్?" అంటే మౌనం. తిరస్కరించేటప్పుడు నాకే కడుపులో దేవినట్టుంటుంది. తెలివి లేక కాదు, ఆ ప్రశ్న వాళ్ళనెవరూ అడగలేదు.

ఆ కోచింగులకి ఫీజులు కట్టేది ఎవరు? మనమే. అందుకే ఈ ఆదివారం మీ పిల్లల పక్కన కూర్చుని ఒక్కటంటే ఒక్క లెక్క చేయించండి. ప్రతి లైనుకీ "ఎందుకు" అనడగండి. మీకే తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. ర్యాంకు సంగతి సోమవారం చూసుకోవచ్చు.