పెసరట్టు మీద నాకు కోపం లేదు



ఉగాది కార్యక్రమం గురించి మన గ్రూపులో పది రోజులుగా చర్చ నడుస్తోంది. ఆ పొద్దున టిఫిన్‌కు బెజవాడ వైపు వంటవాళ్లను పిలిపించి పెసరట్టు ఉప్మా పెట్టించాలని కొందరు అంటున్నారు. "మన పిల్లలకు మన తిండి తెలియొద్దా?" అని వాళ్ల ప్రశ్న. ఉద్దేశం మంచిదే. పెసరట్టు మీద నాకు కోపమూ లేదు. నా పేచీ అంతా ఆ "మన తిండి" అన్న మాటతోనే.

బెంగళూరులో ఉన్న మనలో చాలామంది బాగేపల్లి, చింతామణి, పావగడ, కోలారు వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వచ్చినవాళ్లం. పొద్దున్నే ఒకరినొకరు "తిండి అయిందా?" అని అడుగుతాం. ఆంధ్రాలోని చుట్టాలు ఇది విని నవ్వుతారు. వాళ్లకు ఏ పూట తిన్నా తిండే. కన్నడంలో తిండి అంటే పొద్దుటి పలహారం. ఆ అర్థం మన తెలుగులోకి ఎప్పుడో వచ్చేసింది. మాటతో పాటు తిండీ వచ్చింది. ఊళ్లో ఉన్నన్నాళ్లు మన పెద్దలకు పొద్దున రాగి సంగటో, చద్దన్నమో. ఈ నగరానికి వచ్చాక ఇడ్లి, ఖాలి దోసె, ఖారాబాత్. అవి మొదట తిన్నది పేటలోని పాత హోటల్లో. మూడు తరాలుగా తింటున్నది మనది కాకపోతే ఇంకేది మనది?

ఈ హోటళ్లు పెట్టినవాళ్లు కూడా ఈ ఊరివాళ్లు కారు. లాల్‌బాగ్ దగ్గరి ఎం.టి.ఆర్.ను 1924లో మొదలుపెట్టిన మయ్య సోదరులు ఉడుపి వైపు నుంచి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కరువొస్తే బొంబాయి రవ్వతో ఇడ్లి చేశారని, రవ ఇడ్లి అలా పుట్టిందని చెబుతారు. గాంధీబజార్‌లో విద్యార్థి భవన్ 1943 నాటిది. చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టారు కాబట్టి ఆ పేరు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచి ఇడ్లి, వడ, ఖారాబాత్, కేసరిబాత్ లాంటి నాలుగైదు రకాలతోనే నడుస్తోంది. ఇడ్లికి చట్నీ తప్ప సాంబారు ఇవ్వరు. వీళ్లంతా బతుకుతెరువుకి వచ్చి, వచ్చిన ఊరికి అన్నం పెట్టినవాళ్లు. మన కథా అదే. వాళ్ల బల్ల మీద తినడానికి మనకు మొహమాటం ఎందుకు?

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలపు కాఫీ హోటళ్లలో కొన్నిచోట్ల బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. పేర్లలో ఆ గుర్తు ఇంకా కనిపిస్తుంది. ఈ రోజు అదే బల్ల దగ్గర ఆటో డ్రైవరు, రిటైర్డ్ జడ్జి, కాలేజీ పిల్ల పక్కపక్కన కూర్చుంటున్నారు. నలుగురు పట్టే బల్లకు ఇద్దరే వెళ్తే మిగతా రెండు కుర్చీలు ఎవరివైనా కావచ్చు. అడగడం ఉండదు, కొంచెం జరగడమే. మన అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియని పిల్లలకు ఇది నేర్పే చోటు ఇంకెక్కడుంది?

భాష సంగతీ అంతే. సప్లయర్‌కు కన్నడంలో ఆర్డర్ చెప్పి, ఎదురుగా ఉన్న తాతతో తెలుగులో మాట్లాడటం మన పెద్దలకు ఊపిరి తీసుకున్నంత సులువు. మన పిల్లలు రెండు చోట్లా ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. క్లాసులు పెట్టి నేర్పుదామని ప్రతి ఏడూ తీర్మానం చేస్తాం. వారం వారం ఒక దోసె ముందు కూర్చోబెడితే అందులో సగం పని అవుతుంది.

ఆ బల్లలు ఎల్లకాలం ఉండవు. మల్లేశ్వరంలో 1954 నుంచి నడిచిన న్యూ కృష్ణ భవన్ 2023 చివర్లో మూతపడింది. స్థలం విలువ పెరిగిన చోట హోటల్ నడపడం కంటే అమ్ముకోవడం లాభం. తరువాతి తరం వేరే ఉద్యోగాల్లో ఉంది. ఇంటికే తెప్పించుకుంటే యాప్‌కు కమిషన్ పోతుంది, దోసె మెత్తబడుతుంది, పక్కన కూర్చునే మనిషి అసలే ఉండడు. మూతపడ్డాక ఫోటోలు పెట్టి బాధపడటం మనకు బాగా వచ్చు. తెరిచి ఉన్నప్పుడు వెళ్లడమే తగ్గిపోయింది.

"పెద్దవాళ్లు క్యూలో ఎలా నిలబడతారు?" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆదివారం తొమ్మిదింటికి కాకుండా మామూలు రోజు ఏడింటికి వెళ్లండి, క్యూ తక్కువ ఉంటుంది. ఎక్కువ పేరున్న హోటలే కానక్కర్లేదు. మీ క్రాస్ రోడ్డు చివర ముప్పై ఏళ్లుగా ఉన్న చిన్న హోటలైనా సరే.

కమిటీకి నా మనవి ఇది. ఉగాదికి పెసరట్టు పెట్టండి. పక్కనే మన పేట హోటల్ నుంచి తెప్పించిన రవ ఇడ్లి, సాగు కూడా పెట్టండి. రెండూ మనవే అని పిల్లలకు చెప్పండి. మధ్యాహ్నం ఎలాగూ ఓళిగలు ఉంటాయి. బొబ్బట్లన్నా, ఒబ్బట్టన్నా, హోళిగె అన్నా తినేది అదే కదా.

ఉగాది తరువాత నెలకోసారి ఒక పాత హోటల్‌కు వెళ్దాం. నలభైమంది ఒకేసారి మీద పడితే ఆ చిన్న హోటల్ తట్టుకోలేదు, రోజూ వచ్చేవాళ్లకూ ఇబ్బంది. నలుగురు నలుగురుగా వెళ్దాం. ప్రతి నలుగురిలో ఒక పెద్దాయనో పెద్దమ్మో, ఒక పిల్లో పిల్లాడో ఉండాలి. బ్యానరు వద్దు, ఉపన్యాసం వద్దు. ఎవరి బిల్లు వాళ్లు కట్టుకుందాం. వెనక జనం నిలబడి ఉంటే కాఫీ కాగానే లేద్దాం, మిగతా కబుర్లు బయట చెట్టు కింద చెప్పుకుందాం.

ఇది చదివే మద్రాసు, బొంబాయి, బరంపురం, యానాం మిత్రులారా, మీకూ ఇదే మాట. ట్రిప్లికేన్‌లో సాంబారులో మునిగిన ఇడ్లి, మాటుంగాలో ఫిల్టర్ కాఫీ, బరంపురం వీధుల్లో ఘుగునితో ఇడ్లి, ఇవన్నీ మన తెలుగువాళ్ల పొద్దుటి తిండే. ఆంధ్రాలో ఉన్నదే అసలుది, మనది నకలు అనుకోవడం మానేద్దాం.

నాతో ఏకీభవించనివాళ్లు కూడా కింద రాయండి. మీ పేటలో ఏ పాత హోటల్ ఇంకా నడుస్తోందో ఆ పేరు మాత్రం తప్పకుండా రాయండి. మొదటి నెల ఎక్కడికి వెళ్లాలో అందులోంచే ఎంచుకుందాం.