అనంతకు తగిన మౌతార్గాన్
ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే దక్కే అనంతపురంలో మౌతార్గాన్‌కు తొలి శత్రువు దాని లోపలి చెక్కే. 1896లో హోనర్ కంపెనీ తెచ్చిన మెరైన్ బ్యాండ్ మౌతార్గాన్‌లో రెండు రీడ్ పలకల నడుమ బేరిచెట్టు చెక్క ఉంటుంది. ఊపిరి తేమకు ఉబ్బుతుంది, మన ఎండలకు ముడుచుకుంటుంది, సందుల్లోంచి గాలి జారిపోతుంది. చెక్కతోనే నాదమంటే నాకు నమ్మబుద్ధి కాదు. స్వరం పుట్టేది రీడ్‌లో. నేను కోరుకునే వాయిద్యానికి గట్టి ప్లాస్టిక్ చాలు. పలకలు బిగించడానికి మేకులు వద్దు, స్క్రూలుండాలి. దుమ్ము చేరితే ఇంట్లోనే విప్పి తుడుచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరితో స్వరాన్ని కిందికి లాగితే గమకం పలకాలి. అది పలకకపోతే ఎంత శ్రుతిశుద్ధి ఉన్నా మన పాటకు చాలదు. ఇరవై రీడ్లలో ఒకటి పాడైతే వాయిద్యమంతా పారేయాల్సి రావడం అన్యాయం. తయారీదారులారా, మెరుగుల పూతలు తగ్గించి, విడి రీడ్లు మా ఊరి దుకాణాలకు పంపండి.